వాదించే నాణెం

తెలుగులో 'తగవు' అనే మాట ఒకదానికొకటి ఎదురునిలిచే రెండు అర్థాలను ఒకే ఒడిలో పెట్టుకుని తిరుగుతుంది. 'తగు' అనే క్రియతో చుట్టరికం ఉన్న ఈ మాట తగినది, న్యాయమైనది అనే అర్థంలో చెలామణి అయి, న్యాయం చెప్పేవాడికి 'తగవరి' అనే పేరు కూడా తెచ్చిపెట్టి, చివరికి ఆ న్యాయం కోసం ఇద్దరు పడే జగడానికే పేరుగా స్థిరపడిపోయింది. నిఘంటువులు రెండు అర్థాలనూ పక్కపక్కనే చూపిస్తున్నా, నేటి వాడుకలో జగడం మిగిలి న్యాయం మరుగున పడింది. ఇళ్ళలోనూ టీ బడ్డీల దగ్గరా ఈమధ్య కనిపిస్తున్న ఒక వినోదం ఆ మరుగున పడ్డ అర్థాన్ని మళ్ళీ బయటికి లాగుతున్నట్టు ఉంటుంది. ఏదో ఒక చిన్న విషయంలో ఇద్దరికీ మాట కుదరనప్పుడు ఎవరో ఒకరు జేబులోంచి ఫోను తీసి కృత్రిమ మేధను అడుగుతారు, అది చెప్పిన జవాబును పైకి చదువుతారు, అక్కడున్నవారు నవ్వుతారు, తగవు తీరిందో లేదో తెలియకుండానే మాట ఇంకో విషయం మీదికి మళ్ళుతుంది.

ఇక్కడ కృత్రిమ మేధ అనే పెద్ద పేరుతో వ్యవహరిస్తున్నది నిజానికి ఆ వంశంలో ఒక శాఖ మాత్రమే. దాన్ని భాషా నమూనా అంటారు. మనుషులు రాసిన రాతను కొండలకొద్దీ చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కకట్టడం నేర్పిన గణిత యంత్రమే భాషా నమూనా. అడిగిన ప్రశ్నకు అది మాట వెంట మాట పేర్చుకుంటూ జవాబు అల్లుతుంది. 2022 నవంబర్ 30న ఛాట్‌జీపీటీ ప్రజల చేతికి అందిన తరువాత పత్రికలు పోయే ఉద్యోగాల గురించీ, పరీక్షల్లో కాపీల గురించీ గంభీరంగా చర్చిస్తుండగా, జనం ఎవరి అనుమతీ అడగకుండా దానికి తగవరి కొలువు కూడా ఇచ్చేశారు. జీతం లేని కొలువు, అధికారం లేని కొలువు; అందుకే అది ఎవరికీ అభ్యంతరం కాలేదు.

తగవు అన్నప్పుడు ఇక్కడ పొలం గట్టుల గొడవలూ ఆస్తి పంపకాలూ లెక్కలోకి రావు. వాటి దారి వేరు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడని, గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడుస్తాడని సామెత పుట్టింది వాటి గురించే. ఈ వ్యాసం పట్టించుకునే పేచీలు ఓడినవాడు టీ ఇప్పించడంతోనో, గెలిచినవాడు రెండు రోజులపాటు మీసం మెలేయడంతోనో ముగిసేవి. వాటిలో ఎవరి పక్షాన తీర్పు వచ్చినా చుట్టరికం చెడదు, ఇంకా చెప్పాలంటే చుట్టరికం చెడదనే ధీమా ఉన్నచోటే అవి పుడతాయి.

ఈ వినోదాన్ని గమనించడానికి ఒకే భాష మాట్లాడే ఊరికంటే రెండు భాషలు ఒకే గోడను పంచుకునే ఊరు అనువైనది. ఒడిశాలోని గంజాం జిల్లాకు చెందిన బరంపురం అలాంటి ఊరు, గోసాని నువాగాం ఆ నగరంలో ఒక పేట. ఒడియాలో గోసాణి అంటే అమ్మవారు, నువా అంటే కొత్త, గాం అంటే ఊరు కనుక, ఆ పేరును తెలుగువాడు 'అమ్మవారి కొత్తూరు' అని చెప్పుకుంటే పెద్ద తప్పేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ తరువాత కూడా తెలుగు కుటుంబాలు అక్కడే ఉండిపోయి, వీధిలో ఒడియా, వంటింట్లో తెలుగు, బ్యాంకులో ఇంగ్లీషు మాట్లాడుతూ తరాలు గడుపుతున్నాయి. ఊరికి పట్టునగరమనే పేరు తెచ్చిన నేత పని తెలుగు మూలాలున్న దేరా కులస్తులది. రెండేళ్ళకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుగా భావించి, దేశిబెహెరా అనే బిరుదున్న ఆ కులపెద్ద తండ్రి స్థానంలో నిలిచి ఆహ్వానిస్తాడు. ఊరంతా ఆ పండుగను ఏ భాషవారిదన్న ప్రశ్న లేకుండా తనదిగా చేసుకుంటుంది. ఇంత కలివిడి ఉన్నచోట చిన్న పేచీలకు కరువేముంటుంది?

వాటన్నిటిలో ఏటా తప్పకుండా తిరిగివచ్చేది కార్తీకమాసం పేచీ. చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కించే పద్ధతులు దేశంలో రెండున్నాయి. అమావాస్యతో నెల ముగిసే పద్ధతిని అమాంతమని, పౌర్ణమితో ముగిసే పద్ధతిని పూర్ణిమాంతమని అంటారు. తెలుగువారిది మొదటిది, ఒడియావారిది రెండోది. రెండు లెక్కల్లోనూ శుక్లపక్షం పేరు ఒకటే కానీ కృష్ణపక్షం పేరు మారిపోతుంది. దీపావళి అమావాస్య తెలుగు పంచాంగంలో ఆశ్వయుజమాసపు చివరి రోజు కాగా, పూర్ణిమాంత లెక్కలో అది అప్పటికే సగం గడిచిన కార్తీకానికి నడుమ పడే రోజు. అంటే ఒడియా ఇంట్లో కార్తీకం తెలుగు ఇంటికంటే పదిహేను రోజులు ముందు మొదలై, పదిహేను రోజులు ముందే ముగుస్తుంది. వినడానికి ఇది జ్యోతిషుల గొడవలాగా ఉన్నా దీని ఫలితం తిన్నగా వంటింట్లోకి వస్తుంది, ఎందుకంటే కార్తీకం రెండు ఇళ్ళలోనూ నీచు మానే నెల.

ఒడియా ఆచారంలో కార్తీక పౌర్ణమితో ముగిసే చివరి ఐదు రోజులను పంచుక అంటారు. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని చెప్పుకుంటూ వాటిని బకపంచకమని కూడా పిలుస్తారు. పౌర్ణమి వెళ్ళిన మర్నాడు ఛాడఖాయి, అంటే నియమం విడిచి తినే రోజు. ఆ ఉదయం చేపల బజారులోనూ మాంసం దుకాణాల ముందూ వరుసలు కడతారు. సరిగ్గా ఆ ఉదయమే పక్కింటి తెలుగు గృహిణి తులసికోట దగ్గర దీపం పెడుతూ, ఇంకా పదిహేను రోజుల కార్తీకం మిగిలే ఉందని లెక్క వేసుకుంటుంది. గోడ అవతలి పోపు వాసన ఇవతలికి రాకుండా ఆపే పంచాంగం ఏదీ ఇంతవరకు పుట్టలేదు. ఇలాంటి ఇంట్లో చదువుకునే పిల్లవాడు, ఒడియా స్నేహితుల కార్తీకం అయిపోయింది కాబట్టి తన కార్తీకం కూడా అయిపోయినట్టే అని వాదిస్తే, అది వాదమా ఆకలా అన్నది తేల్చడం తల్లికి కష్టమే.

ఇటువంటి పేచీని భాషా నమూనా ముందు పెట్టినప్పుడు దాని స్వభావం బయటపడుతుంది. కార్తీకమాసం ఎప్పుడు ముగుస్తుందని తెలుగులో అడిగితే, అది చదువుకున్న తెలుగు రాతలన్నీ తెలుగు పంచాంగాన్నే అనుసరించి ఉంటాయి కాబట్టి జవాబు అమావాస్య వైపు మొగ్గే అవకాశం ఎక్కువ. అదే ప్రశ్న ఒడియాలో అడిగితే పౌర్ణమి వైపు మొగ్గడమూ అంతే సహజం. ఇంగ్లీషులో అడిగితే ఉత్తరాది లెక్కనూ దక్షిణాది లెక్కనూ వివరించి రెండూ సరైనవేనని సర్దిచెప్పవచ్చు. ఇది యంత్రం చేసే మోసం కాదు. ఏ పల్లకీలో ఎక్కించి అడిగితే ఆ పల్లకీ మోసేవారి పాటే అది పాడుతుంది, అంతే. దీనికి తోడు, జవాబులోని ప్రతి మాటను ఎంచుకునేటప్పుడు కొంత యాదృచ్ఛికతను, అంటే పాచిక వేసినట్టు ఎటైనా పడగల గుణాన్ని, కావాలనే లోపల ఉంచుతారు కనుక, ఒకే ప్రశ్నను ఒకే భాషలో రెండుసార్లు అడిగినా రెండు జవాబులు వచ్చే వీలుంది. ఓడినవాడు మళ్ళీ అడిగి చూద్దామనడం ఈ ఆటలో అందుకే న్యాయమైన కోరికే అవుతుంది.

ఊరి పేరు దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. పశ్చిమ బెంగాల్లోని ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరును ఇంగ్లీషులో రాస్తే అది గంజాం నగరం పేరుకు కవల పిల్లలాగా ఉంటుంది. అది కూడా పట్టుకు పేరుపడ్డ ప్రాంతమే కావడంతో, పట్టు గురించి అడిగిన ప్రశ్న ఒక ఊరికి, వచ్చిన జవాబు మరో ఊరికి చెంది ఉండవచ్చు. 1857 ఫిబ్రవరిలో సిపాయిలు కొత్త తూటాలను నిరాకరించిన బర్హంపూర్ గంగా తీరానిదే కానీ గోపాల్పూర్ సముద్రానికి దగ్గరలో ఉన్నది కాదు. తన ఊరి దేశభక్తిని చాటుకోవాలని ఉబలాటపడే బరంపురం కుర్రవాడికి యంత్రం ఆ ఘనతను ఉదారంగా అంటగడితే, అతడు కాదనడానికి మనసొప్పాలి కదా. తెలుగు లిపిలో 'బరంపురం' అని రాస్తే ఈ అయోమయం చాలావరకు తప్పుతుందన్నది, తెలుగు రాయడం మానేస్తున్న పిల్లలకు చెప్పదగిన చిన్న లాభం.

యంత్రపు తీర్పుకు తీర్పు అనే పేరు ఎంతవరకు తగుతుందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి మన ధర్మశాస్త్రాలను తిరగేయడం వృథా కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు చేశాడు కనుక, తెలుగువారికి ఈ విషయం పరాయిది కాదు. ఆ సంప్రదాయంలో వ్యవహారం, అంటే న్యాయస్థానం ముందు నడిచే వివాదం, నాలుగు పాదాల మీద నిలుస్తుంది. ఫిర్యాదు చేసేవాడు తన మాట చెప్పడం మొదటి పాదం. ఎదుటివాడు బదులు చెప్పడం ఉత్తరం అనే రెండో పాదం. సాక్ష్యాధారాలు చూపడం క్రియ అనే మూడో పాదం. చివరిది సాధ్యసిద్ధి, అంటే నిర్ణయం. మొదటి పాదానికి శాస్త్రకారులు పెట్టిన పేరు 'భాష'. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందటి పండితులకు భాషా నమూనా గురించి ఊహ లేకపోయినా, దాని పరిమితిని వర్ణించడానికి ఇంతకంటే చక్కని పేరు దొరకదు. ఫోను చేతిలో ఉన్నవాడు తన భాషను వినిపిస్తాడు. రెండోవాడి ఉత్తరం వినిపించదు, వినిపించినా మొదటివాడి మాటల్లోనే వినిపిస్తుంది. క్రియ అసలే ఉండదు, ఎందుకంటే ఫ్రిజ్‌లోని పెరుగు ఎవరు తిన్నారో చూసిన సాక్షి యంత్రం కాదు. అయినా సాధ్యసిద్ధి మాత్రం క్షణంలో వచ్చేస్తుంది. నాలుగు కాళ్ళ మీద నడవవలసినది రెండు కాళ్ళ మీద గెంతుతూ గమ్యం చేరిందంటే, ఆ గెంతు చూడ్డానికి సరదాగానే ఉంటుంది మరి.

పత్రం, అనుభవం, సాక్షి ఈ మూడూ లేనిచోట శాస్త్రం దివ్యాన్ని అనుమతించింది. దివ్యం అంటే తక్కెడ, నిప్పు, నీరు, విషం, కోశం అనే పరీక్షల ద్వారా మనిషికి అతీతమైన శక్తి చేత తీర్పు చెప్పించుకోవడం. అంత భయంకరమైనది కాకపోయినా, చీటీలు వేయడం, బొమ్మా బొరుసా అని నాణెం ఎగరేయడం ఆ వంశంలో మిగిలిన పసిబిడ్డలే: అందరికీ దూరంగా ఉన్నది ఏదో చెప్పింది కాబట్టి ఎవరికీ అవమానం లేదు. యంత్రాన్ని అడగడంలో ఉన్న సుఖంలో సగం ఇదే. బావమరిది చేత ఓడించబడడం కంటే ఎవరో తెలియని పెట్టె చేత ఓడించబడడం తేలిక. అయితే నాణేనికి ఉన్న ఒక గొప్ప సుగుణం యంత్రానికి లేదు. నాణెం బొమ్మ పడి ఊరుకుంటుంది; బొమ్మ ఎందుకు పడిందో వివరించదు. యంత్రమైతే తాను పడిన వైపుకు మూడు కారణాలు, ఒక ఉపోద్ఘాతం, ఇద్దరినీ ఊరడించే ఒక ముగింపు జతచేస్తుంది. వాదించే నాణెం అది. కారణాలు వినగానే అవి తీర్పుకు ముందు పుట్టినవని శ్రోత నమ్ముతాడు. బొరుసు పడి ఉంటే బొరుసుకూ అంతే ఒద్దికైన కారణాలు పుట్టి ఉండేవని అతనికి తట్టదు.

దీన్ని పరీక్షించదలచినవారికి బరంపురం వంటిళ్ళలో ఒక మంచి ప్రశ్న సిద్ధంగా ఉంది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి మర్నాడు తినే తిండిని ఒడియాలో పఖాళ అంటారు. దానికి మార్చి 20న ఒక ప్రత్యేక దినమే జరుపుకుంటున్నారు. తెలుగువారి చద్దన్నం దానికి అక్కో చెల్లెలో తెలియదు కానీ, పుల్లబెట్టిన ఆ నీటికి రెండు భాషల్లో ఉన్న పేర్లు చూస్తే ఒక తల్లి బిడ్డలని అనిపించక మానదు: ఒడియాలో తోరాణి, తెలుగులో తరవాణి. ఎవరి దగ్గరినుంచి ఎవరు తెచ్చుకున్నారన్నది ఈ ఊళ్ళో వేసవి మధ్యాహ్నాలకు సరిపడే వాదం. పఖాళకు జగన్నాథుని కోవెల సంప్రదాయాన్ని, బడి చూరను, వేయించిన చేపను సాక్ష్యం తెచ్చేవారు ఒకవైపు, పచ్చిమిరపకాయనూ ఉల్లిపాయనూ తాతల కాలపు తరవాణి కుండనూ సాక్ష్యం తెచ్చేవారు ఇంకోవైపు ఉంటారు. తెలుగు మాటే ఒడియాలోకి వెళ్ళిందని నిరూపించమని యంత్రాన్ని కోరితే అది వ్యుత్పత్తులతో సహా నిరూపించగలదు. తిరగేసి కోరితే తిరగేసి నిరూపించగలదు. భాషాశాస్త్రంలో అలాంటి నిరూపణలకు ధ్వనుల మార్పులో క్రమం, పాత రాతల్లో ప్రయోగం కావాలి. వినోదానికి ధాటి చాలు. ఇక కుండలో ఉన్నది ఏ పేరుతో పిలిచినా ఎండవేళ ఒళ్ళు చల్లబరుస్తుందన్న విషయంలో ఉభయపక్షాలకూ భేదాభిప్రాయం లేదు.

తిండి తగవులకు అధికారులు కూడా అంతకంటే గట్టి పరిష్కారం చెప్పలేకపోయారని గుర్తుచేసుకోవచ్చు. రసగుల్లా తమదంటే తమదని బెంగాల్, ఒడిశా వాదులాడుకున్నప్పుడు, ఒక వస్తువుకు దాని పుట్టిన ప్రాంతపు పేరును రక్షించే భౌగోళిక గుర్తింపు 2017 నవంబర్ 14న బెంగాల్ రసగుల్లాకు, 2019 జులై 29న ఒడిశా రసగోలాకు విడివిడిగా దక్కింది. ఒకరిది తెల్లగా స్పంజులాగా, ఇంకొకరిది మెత్తగా లేత గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి రెండు పేర్లకూ చోటు దొరికింది.

సరదా పేచీలను తీర్చే పనిముట్టు కావాలన్న కోరిక యంత్రంతో పుట్టింది కాదు. 1951లో ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలో వేటకు వెళ్ళిన హ్యూ బీవర్ అనే పెద్దమనిషికీ అతని స్నేహితులకూ, ఐరోపాలో మనుషులు వేటాడే పక్షుల్లో అన్నిటికంటే వేగంగా ఎగిరేది ఏదన్న వాదం వచ్చింది. ఇంట్లో ఉన్న పుస్తకాల్లో దానికి జవాబు దొరకలేదు. గిన్నెస్ అనే బీరు కంపెనీని నడిపే ఆయనకు, తమ బీరు తాగే దుకాణాల్లో రాత్రిపూట ఇలాంటి వాదాలు ఎన్ని జరుగుతుంటాయో తెలుసు కాబట్టి, వాటిని తీర్చే పుస్తకం ఒకటి వేయిస్తే బాగుంటుందనిపించింది. మెక్‌వర్టర్ కవల సోదరులు కూర్చిన ఆ పుస్తకం 1955లో వెలువడి, ప్రపంచ రికార్డుల గ్రంథంగా పేరుపొందింది. తాగినవారి తగవులు తీర్చడానికి పుట్టిన పుస్తకంలో పేరెక్కడం కోసం తరువాతి కాలంలో మనుషులు గోళ్ళు పెంచుకున్నారు, మీసాలు పెంచుకున్నారు. తీర్పరి చుట్టూ కొత్త తగవులు మొలవడం అన్నది ఎక్కడైనా జరిగేదే. కానీ ఆ పుస్తకం తాను అచ్చువేసిన సంఖ్య వెనుక ఎవరో కొలిచారన్న హామీ ఇచ్చేది. భాషా నమూనా చెప్పే సంఖ్య వెనుక కొలిచినవాడు ఉండవచ్చు, లేకపోవచ్చు. చాలామంది అలా రాశారు అన్నది మాత్రం ఉంటుంది.

చాలామంది రాసింది తప్పయినప్పుడు ఏమవుతుందో తెలుగు సినిమా చరిత్ర చక్కగా చూపిస్తుంది. తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాలపాటు పుస్తకాలూ పత్రికలూ రాస్తూ వచ్చాయి. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి ఆధారాలను వెలికితీసి, ఆ చిత్రానికి సెన్సారు ధ్రువపత్రం 1932 జనవరిలో వచ్చిందని, విడుదల 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో జరిగిందని చూపించారు. ఒక ధ్రువపత్రం ముందు వెయ్యి వ్యాసాలు చెల్లకుండా పోవడం చరిత్రకారుడి లెక్క. మాటల రాకడను లెక్కకట్టే యంత్రంలో ఆ వెయ్యి వ్యాసాల బరువు ఇంకా కొంత మిగిలే ఉంటుంది. కొత్త రాత పెరిగేకొద్దీ తక్కెడ మెల్లగా వాలుతుంది. సినిమా కబుర్లలో 1931 అన్నవాడూ 1932 అన్నవాడూ పందెం కాస్తే, యంత్రం ఎవరి వైపు పలికినా గెలిచినవాడు అది చెప్పిందని కాక జయదేవ చూపించారని చెప్పగలిగినప్పుడే టీ తాగే హక్కు అతనికి దక్కాలి.

ఇంటి తగవుల్లో యంత్రం ఇంకో రకంగా జారుతుంది. ఇలాంటి నమూనాలను తయారుచేసేటప్పుడు, వాటి జవాబుల్లో ఏది నచ్చిందో మనుషుల చేత చెప్పించి, నచ్చినదాని వైపు మలచడం ఒక పద్ధతి. మనిషికి నచ్చేది చాలావరకు తనను సమర్థించే మాట కనుక, యంత్రానికి అడిగినవాడి ముఖం చూసి మాట్లాడే గుణం అబ్బుతుంది. దీన్ని ముఖస్తుతి దోషం అనవచ్చు. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన నమూనాల్లో ఒకదానికి చేసిన మార్పు ఈ దోషాన్ని మరీ పెంచేసిందని వాడేవారు గోల చేయడంతో, ఆ సంస్థ కొద్ది రోజుల్లోనే ఆ మార్పును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. గోసాని నువాగాంలోనైనా ఇంకెక్కడైనా, పండక్కి అత్తవారింటికి ముందు వెళ్ళాలా పుట్టింటికి ముందు వెళ్ళాలా అన్న వాదంలో భర్త తన ఫోనులోనూ భార్య తన ఫోనులోనూ విడివిడిగా అడిగితే ఇద్దరికీ విజయపత్రాలు రావడానికి ఇంతకుమించిన రహస్యం ఏమీ లేదు. పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెతలో పిల్లి రెండు పిట్టలనూ మింగి తీర్పు చెప్పింది. ఈ పిల్లి రెండు పిట్టలకూ చెరో గింజ వేసి పంపుతుంది. మింగడం కంటే అది నయమే కానీ పోరు ఎక్కడిది అక్కడే ఉంటుంది.

అనుభవం మీద కొందరు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. ప్రశ్నలో 'నేను', 'మా ఆవిడ' అనే మాటలు తీసేసి, ఎవరు ఏ పక్షమో తెలియకుండా ఒక మనిషి ఇలా అంటాడు, ఇంకో మనిషి అలా అంటుంది అని రాస్తారు. పంపే ముందు ఆ రాతను ఇద్దరూ చదివి ఒప్పుకుంటారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ పద్నాలుగో ఆర్డరు విచారణకు ముందు న్యాయమూర్తి చేయమని చెప్పే పని దాదాపు ఇదే. ఇరుపక్షాల మాటలూ చూసి, వారు నిజంగా ఎక్కడ విభేదిస్తున్నారో వివాదాంశాలుగా రాసుకోవాలి. ఈ రాతపని మొదలుపెట్టగానే తమాషా జరుగుతుంది. ముందు ఎవరింటికి అన్నది ఇద్దరికీ సమ్మతమైన వాక్యంగా మార్చబోతే, నిరుడు పుట్టింట్లో ఎన్ని గంటలు ఉన్నారన్న సంగతి పైకి వస్తుంది. కార్తీకం ఎప్పుడు ముగుస్తుందన్నది రాయబోతే, ఎవరి కార్తీకం అని రాయక తప్పదు, ఆ మూడు అక్షరాలు చేర్చగానే ప్రశ్న కరిగిపోతుంది. అప్పటికి యంత్రానికి చెప్పడానికి ఏమీ మిగలదు. మిగలకపోయినా పంపడం మానరు, అది వేరే సంగతి.

బరంపురంలోనే 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒడిశావారా తెలుగువారా అన్న ప్రశ్న కూడా ఇలా కరిగేదే. ఆయన పుట్టిననాటికి ఒడిశా పేరుతో రాష్ట్రమే లేదు, ఊరు మద్రాసు కింద ఉంది, ఇల్లు తెలుగుది. అయితే ఇదే ఊరి మీద ఒకప్పుడు నడిచిన తగవు ఇంత తేలికగా కరగలేదు. 1931లో శామ్యూల్ ఓడొనెల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఒడియా రాష్ట్రానికి సరిహద్దులు ఎక్కడ గీయాలో విచారించినప్పుడు, గంజాంలో ఎవరి మాతృభాష ఏది అన్నది ఉభయపక్షాలకూ ప్రాణసంకటమైన ప్రశ్న అయింది. జనాభా లెక్కలనే నమ్మలేమన్న వాదాలు వచ్చాయి. గీత పడిన తరువాత కొందరు మనసొప్పక ఊళ్ళు విడిచారు; పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి వృద్ధాప్యంలో రాజమండ్రికి తరలివెళ్ళారు. ఆ తీర్పు చెప్పినవారికి పేర్లున్నాయి, వారి నివేదిక ఉంది, వారిని తిట్టుకోవడానికైనా మెచ్చుకోవడానికైనా జనానికి ఒక ముఖం ఉంది. దేశిబెహెరా వంటి కులపెద్దలకూ అంతే. తీర్పు చెప్పిన మర్నాడు అదే వీధిలో నడవాలి, అదే పెళ్ళి పంక్తిలో కూర్చోవాలి. తప్పుడు తీర్పు చెప్పినందుకు యంత్రం ఏ పంక్తిలోనూ తలవంచుకోవలసిన పని లేదు. ఫోనును సరదా పేచీలకు పిలిచేవారు గట్టి తగవులకు ఇంకా పెద్దమనుషుల గడపే తొక్కుతున్నారంటే ఆ తేడా వారికి తెలిసే ఉండాలి.

తెలుగు పిల్లలు తరతరాలుగా చదివిన భేతాళ కథల్లో ప్రతి కథా ఒక తగవుతో ఆగుతుంది. విక్రమార్కుడు తెలిసిన జవాబు చెప్పి తీరాలి. చెప్పగానే మౌనం భంగమై శవంతో సహా భేతాళుడు చెట్టెక్కుతాడు. రాజు మళ్ళీ వెనక్కి నడుస్తాడు. ప్రశ్న వేసేవాడికి జవాబు మీద కంటే ఇంకో కథ చెప్పే అవకాశం మీదే ఆశ ఎక్కువ. పేచీకి ఫోను తీసేవారి తీరు చూస్తే, అందులో విక్రమార్కుడి గాంభీర్యం తక్కువ, భేతాళుడి తుంటరితనం ఎక్కువ కనిపిస్తాయి.

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున గంజాంలో ఒడియా కుటుంబాలు, ఒకప్పుడు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్ళిన వర్తకుల జ్ఞాపకంగా, అరటిబోదెతోనూ రంగు కాగితంతోనూ చేసిన బొమ్మ పడవల్లో దీపం పెట్టి చెరువులో వదులుతారు. దాన్ని బొయితొ బందాణ అంటారు. పక్షం గడిచాక, అమావాస్య వెళ్ళిన మర్నాటి పోలిపాడ్యమి వేకువన తెలుగు ఆడవారు అరటిదొప్పల్లో ఒత్తులు వెలిగించి, పోలి స్వర్గానికి వెళ్ళిన కథ చెప్పుకుంటూ, నీటిమీదికి నెడతారు. ఒడియా ఇంటి పిల్లలు అప్పటికి రెండు వారాలుగా చేపలు తింటున్నారు. మొదటి పండుగ పడవల్లో విరిగిపోయినవి ఒకటి రెండు గట్టున బురదలో ఇంకా ఇరుక్కుని ఉంటే, తెలుగు ఇంటి కుర్రవాడు ఒకదాన్ని కర్రతో లాగి, తల్లి చూడకుండా అందులో ఒక ఒత్తి పెడతాడు.